ఈఆర్‌సీపీ తర్వాత అమైలేజ్, లైపేజ్ పెరిగితే పాంక్రియాటైటిస్ వచ్చేసినట్టేనా?

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. మీ అమ్మగారికి 54 ఏళ్ళు, పైత్యనాళంలో రాయి ఇరుక్కుని కామెర్లు వస్తే ఖమ్మం నుంచి హైదరాబాద్ తీసుకెళ్ళి ఈఆర్‌సీపీ (నోట్లోంచి గొట్టం పంపి రాయి తీసే పద్ధతి) చేయించారు, రాయి తీసేసి ప్లాస్టిక్ స్టెంట్ (నాళం మూసుకుపోకుండా పెట్టే సన్న గొట్టం) వేసారు. మర్నాడు పొద్దున రక్తపరీక్షలో పాంక్రియాస్ (క్లోమం) ఎంజైములు అమైలేజ్ 412, లైపేజ్ 190 వచ్చాయి, నొప్పి ఏమీ లేదు కాబట్టి పర్లేదని సాయంత్రం ఇంటికి పంపేసారు. మీకు మనసు ఊరుకోక ఆ తర్వాతి రోజు ఖమ్మంలోనే బయట ల్యాబులో మళ్ళీ చేయిస్తే అమైలేజ్ 236, లైపేజ్ 640. లైపేజ్ ఒక్కరోజులో మూడింతలు అయ్యింది, నెట్‌లో చూస్తే మూడు రెట్లు దాటితే పాంక్రియాటైటిస్, అంటే పాంక్రియాస్ వాపు, అని ఉంది, తొందరపడి పంపేసారా, మళ్ళీ తీసుకెళ్ళి అడ్మిట్ చేయాలా అని మీ ప్రశ్న. రెండు రిపోర్టులూ ఫోటో తీసి పెట్టడం చాలా మంచి పని చేసారు, జవాబు ఆ ఫోటోల్లోనే ఉంది, రిజల్టు పక్కన చిన్న అక్షరాల్లో ఉండే కాలమ్‌లో.

నేను 19 ఏళ్ళుగా హాస్పిటల్ ల్యాబులో బయోకెమిస్ట్రీ డాక్టర్‌ని, మా దగ్గర ఈఆర్‌సీపీలు దాదాపు రోజూ జరుగుతాయి, వాటి తర్వాత వచ్చే అమైలేజ్ లైపేజ్ శాంపిళ్ళు ఎన్ని చూసానో లెక్కలేదు. గ్యాస్ట్రో డాక్టర్‌ని కాదు, కానీ ఈ రిపోర్టు మీద సంతకం పెట్టేది మేమే కాబట్టి ఇది ఎక్కడ నిజం చెప్తుందో ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో బాగా తెలుసు.

ముందు మీ కంగారు తగ్గే మాట చెప్తాను. మీ అమ్మగారి లైపేజ్ పెరగలేదు, తగ్గింది.

హైదరాబాద్ రిపోర్టులో లైపేజ్ పక్కన నార్మల్ 13 నుంచి 60 అని ఉంది చూడండి, అంటే 190 అనేది పై హద్దుకి మూడు రెట్ల కంటే కాస్త ఎక్కువ. ఖమ్మం రిపోర్టులో అదే లైపేజ్ పక్కన 23 నుంచి 300 అని ఉంది, అంటే 640 అనేది పై హద్దుకి రెండు రెట్ల కంటే కొంచెం ఎక్కువ, అంతే. మూడు రెట్ల నుంచి రెండు రెట్లకి దిగింది. అమైలేజ్ చూస్తే ఇంకా క్లియర్, ఆ రెండు ల్యాబుల్లో దాని రేంజ్ దాదాపు ఒకటే, 100 ఒకచోట 110 ఒకచోట, కాబట్టి 412 నుంచి 236కి దిగడం నిజంగా దిగడమే. ఒకటి దిగుతూ ఇంకొకటి మూడింతలు ఎక్కింది అంటే మేము మొదట అనుమానించేది పేషెంట్‌ని కాదు, రెండు మెషీన్లు వేరేమో అని.

ఎందుకు ఇంత తేడా అంటే, ఇవి ఎంజైములండి, షుగర్‌లాగా ఇన్ని మిల్లీగ్రాములు ఉంది అని తూచి చెప్పేవి కావు. అవి ఎంత వేగంగా పని చేస్తున్నాయో చూసి ఇన్ని యూనిట్లు అంటాం. ఒకే కూలీని ఒకరోజు మెత్తటి ఇసుక నేలలో తవ్వమని, ఇంకోరోజు గట్టి గరప నేలలో తవ్వమని చెప్తే, మనిషి బలం అదే అయినా సాయంత్రానికి తవ్విన గొయ్యి కొలత ఒకటి కాదు కదా. లైపేజ్ కూడా అంతే, ఒక కంపెనీ కిట్‌లో దానికి తినడానికి పెట్టే కొవ్వు పదార్థం ఒకటి, ఇంకో కంపెనీ కిట్‌లో ఇంకొకటి. ద్రవ రూపంలో ఉండే రియేజెంట్లతో, అంటే పరీక్ష రసాయనాలతో నడిచే చాలా మెషీన్లలో పై హద్దు 60 చుట్టూ ఉంటుంది, డ్రై కెమిస్ట్రీ అని చిన్న ప్లాస్టిక్ స్లైడు మీద సీరం చుక్క వేసే మెషీన్ ఒకటుంది, అందులో 300. అందుకే లైపేజ్ నంబర్‌ని ఎప్పుడూ ఒంటరిగా చదవకూడదు, అదే కాగితం మీద ఉన్న పై హద్దుతో భాగించి ఎన్ని రెట్లు అని చూడాలి. పోల్చాలనుకుంటే అదే ల్యాబులో చేయించాలి. వేరే ఊరి ల్యాబులో చేయించి నంబర్ పక్కన నంబర్ పెట్టి చూస్తే మీకు పట్టినట్టే ఎవరికైనా కంగారు పట్టుకుంటుంది, మీ తప్పేం లేదు, ఈ మాట డిశ్చార్జ్ అప్పుడు ఎవరో ఒకరు చెప్పాల్సింది.

ఇప్పుడు అసలు సంగతి, నొప్పి లేకుండా ఇవి ఎందుకు పెరిగాయి అని.

పైత్యనాళం, పాంక్రియాస్ నాళం రెండూ చిన్నపేగులోకి దాదాపు ఒకే రంధ్రం దగ్గర తెరుచుకుంటాయి, చిన్న మొటిమలా ఉంటుంది ఆ చోటు. ఈఆర్‌సీపీలో గొట్టం నోట్లోంచి అక్కడిదాకా తీసుకెళ్ళి, సన్నటి తీగతో ఆ రంధ్రం వెతికి, పైత్యనాళంలోకి దారి చేసుకుని, కోత పెట్టి రాయి లాగుతారు. ఈ వెతుకులాటలో తీగ పాంక్రియాస్ నాళంలోకి పోవచ్చు, రంగు మందు కొంచెం అటు ఎక్కవచ్చు, రంధ్రం దగ్గర వాచి కాసేపు రసం బయటికి రాక వెనక్కి ఒత్తిడి పెరగవచ్చు. ఆ కాస్త ఒత్తిడికే పాంక్రియాస్ నుంచి ఎంజైములు రక్తంలోకి కారతాయి. కారడం వేరు, వాపు వచ్చి పాంక్రియాస్ తనని తాను జీర్ణం చేసుకోవడం వేరు. ఈఆర్‌సీపీ చేయించుకున్న వాళ్ళలో లక్షణం ఒక్కటీ లేకుండా అమైలేజ్ పెరిగేవాళ్ళు నూటికి 75 మంది దాకా ఉంటారని చెప్తారు, నిజంగా పాంక్రియాటైటిస్ వచ్చేది మామూలుగా నూటికి 3 నుంచి 10 మందికి. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుంటే అర్థమవుతుంది, పెరిగిన ప్రతివాళ్ళకీ పాంక్రియాటైటిస్ అని పేరు పెడితే ఎంతమందికి లేని జబ్బు అంటగట్టినట్టో.

అందుకే 1991లో పీటర్ కాటన్ ఇంకా కొందరు డాక్టర్లు కూర్చుని ఈఆర్‌సీపీ తర్వాత పాంక్రియాటైటిస్ అని ఎప్పుడు అనాలో ఒక మాట అనుకున్నారు, ఇప్పటికీ చాలాచోట్ల అదే నడుస్తుంది. కొత్తగా కడుపు నొప్పి రావాలి లేదా ఉన్న నొప్పి పెరగాలి, 24 గంటలు దాటాక కూడా అమైలేజ్ పై హద్దుకి మూడు రెట్లు లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి, దాని వల్ల అడ్మిట్ చేయాల్సి రావాలి లేదా ఉండాల్సిన రోజుల కంటే ఎక్కువ ఉండాలి. ఇవన్నీ కలిస్తేనే. 2012లో సవరించిన అట్లాంటా పద్ధతిలో అయితే నొప్పి, మూడు రెట్లు దాటిన ఎంజైము, స్కాన్‌లో మార్పు, ఈ మూడింట్లో రెండు ఉండాలి. మీరు నెట్‌లో చదివిన మూడు రెట్లు ఇక్కడినుంచి వచ్చిందే, కానీ దాని పక్కన ఉండాల్సిన నొప్పి అనే మాట ఎక్కడో జారిపోయింది. మీ అమ్మగారికి మొదటిరోజు మూడు రెట్లు దాటింది నిజమే, నొప్పి లేదు, హాయిగా తింటున్నారు. ఇది పాంక్రియాటైటిస్ కాదు.

అయితే నొప్పి లేదు అనే మాట కూడా జాగ్రత్తగా వాడాలి. ప్రొసీజర్ టైములో మత్తు, నొప్పి మందు ఇస్తారు కాబట్టి మొదటి రెండు మూడు గంటలు పేషెంట్ బాగానే ఉందమ్మా అంటుంది, మందు దిగాక అసలు సంగతి బయటపడుతుంది. బాగా వయసైన వాళ్ళు, ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళు నొప్పిని తక్కువ చేసి చెప్తారు. ఇంకోవైపు గొట్టంతో గాలి కొట్టి పొట్ట ఉబ్బించి చూస్తారు కాబట్టి గ్యాస్ నొప్పి చాలామందికి వస్తుంది, అది అటూ ఇటూ కదులుతుంది, తేన్పు వచ్చినా గ్యాస్ పోయినా తేలికవుతుంది. పాంక్రియాస్ నొప్పి అలా కదలదు, రొమ్ము ఎముక కింద పైకడుపులో పట్టుకుని సూటిగా వీపులోకి పొడుస్తుంది, వెల్లకిలా పడుకుంటే ఎక్కువై ముందుకి వంగి మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటే కాస్త నయంగా ఉంటుంది, వాంతి అయినా తగ్గదు. నర్సమ్మలకి ఇది బాగా తెలుసు, మంచం మీద పేషెంట్ ఎలా కూర్చుందో చూసే మాకు ఫోన్ చేసి మేడమ్ ఆ శాంపిల్ త్వరగా చూడండి అంటారు.

టైము గురించి చెప్పకుండా వెళ్ళలేను, నాకు ఇది మనసులో గుచ్చుకున్న విషయం. చాలా ఏళ్ళ క్రితం నేను పని చేసిన ఒక హాస్పిటల్‌లో 31 ఏళ్ళ అమ్మాయికి ఈఆర్‌సీపీ చేసారు. సన్నని పైత్యనాళం, బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పచ్చ పదార్థం) నార్మల్, లోపలికి దారి దొరకడానికి బాగా కష్టపడ్డారట. పదకొండున్నరకి అయ్యింది, పన్నెండుంబావుకి రక్తం తీసి పంపారు, అమైలేజ్ 118 వచ్చింది, మా పై హద్దు 100. నేనే చూసి రిలీజ్ చేసాను. రెండింటికి నొప్పి అంది, గ్యాస్ అనుకుని ఇంజెక్షన్ ఇచ్చారు, ఇందాకటి రిపోర్టు దాదాపు నార్మలే కదా అని అయిదింటికి ఇంటికి పంపేసారు. రాత్రి రెండింటికి వాళ్ళాయన ఆటోలో తీసుకొచ్చాడు, నిలబడలేకపోతోంది, నాడి 130 కొట్టుకుంటోంది, ఆ శాంపిల్లో అమైలేజ్ 1,900. 12 రోజులు ఉంది హాస్పిటల్లో, బతికింది, ఇంటికి వెళ్ళింది. కానీ 45 నిమిషాలకి తీసిన రక్తం అది, పాంక్రియాస్ నుంచి ఎంజైము రక్తంలోకి వచ్చి పోగవ్వడానికి టైమే ఇవ్వలేదు. ఆ ఫారమ్ మీద ప్రొసీజర్ ఎప్పుడు ముగిసిందో లేదు, నేను అడగలేదు. ఆ తర్వాత నేను ఏ ల్యాబులో పని చేసినా రిక్వెస్టు ఫారమ్ మీద రెండు గడులు పెట్టిస్తాను, ప్రొసీజర్ ముగిసిన టైము, రక్తం తీసిన టైము. ఆ రెండు గడులు ఖాళీగా వస్తే వార్డుకి ఫోన్ చేసి కనుక్కున్నాకే రిపోర్టు పంపుతాం.

మరి ఎప్పుడు తీయాలి? యూరప్ ఎండోస్కోపీ సొసైటీ వాళ్ళు 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పింది ఏమిటంటే, అదేరోజు ఇంటికి పంపాలనుకునే పేషెంట్‌కి ప్రొసీజర్ తర్వాత కడుపు నొప్పి ఉంటే, 2 నుంచి 6 గంటల మధ్య అమైలేజ్ గానీ లైపేజ్ గానీ రెండూ గానీ చూడండి, అమైలేజ్ పై హద్దుకి 1.5 రెట్ల కంటే తక్కువ, లైపేజ్ 4 రెట్ల కంటే తక్కువ ఉంటే పాంక్రియాటైటిస్ భయం లేకుండా పంపొచ్చు అని. మీ హైదరాబాద్ ల్యాబు లెక్కలో అయితే అమైలేజ్ 150, లైపేజ్ 240 లోపు అన్నమాట, ఖమ్మం ల్యాబు లెక్కలో అమైలేజ్ 165, లైపేజ్ 1,200 లోపు. మా దగ్గర నాలుగు గంటల దగ్గర తీయడం అలవాటు చేసాం, పొద్దున చేసినవాళ్ళకి మధ్యాహ్నానికి రిపోర్టు చేతికొస్తుంది, డాక్టర్ సాయంత్రం రౌండ్లలో నిర్ణయం తీసుకోవచ్చు.

ఇక్కడ గమనించాల్సింది ఈ పరీక్ష ఎక్కువగా ఏ వైపు పనికొస్తుందో. సరైన టైములో తీసిన శాంపిల్లో నంబర్ తక్కువ వస్తే దాన్ని గట్టిగా నమ్మొచ్చు, పేషెంట్‌ని ధైర్యంగా ఇంటికి పంపొచ్చు. నంబర్ ఎక్కువ వస్తే అది జబ్బు పేరు చెప్పదు, వెళ్ళి పేషెంట్‌ని ఇంకోసారి చూడమని చెప్తుంది. నొప్పి ఉండి ఎక్కువ వస్తే రాత్రికి ఉంచేసుకోవాలి, 24 గంటలు అయ్యేదాకా ఆగి అప్పుడు మొదలుపెడదాం అని ఎవరూ కూర్చోరు, సెలైన్ అప్పుడే మొదలవుతుంది, ఆ 24 గంటలు అనేది పేరు పెట్టడానికే. నొప్పి లేకుండా ఎక్కువ వస్తే, తర్వాత కొన్ని గంటలు కనిపెట్టుకుని ఉండాలి, తినిపించి చూడాలి.

నంబర్‌కి వైద్యం చేస్తే ఏమవుతుందో కూడా చూసాను. 70 ఏళ్ళ పెద్దాయన, నాలుగు గంటల శాంపిల్లో అమైలేజ్ 680, నొప్పి అసలు లేదు, సాయంత్రం కూతురు తెచ్చిన ఇడ్లీ రెండు తిని మూడోది అడుగుతున్నాడు. అప్పుడే రిపోర్టు వచ్చింది, డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టర్ ప్లేటు తీయించి నోటికి ఏమీ ఇవ్వొద్దని రాసేసాడు, రోజూ అమైలేజ్ పంపుతూ నార్మల్ అయ్యేదాకా అని మూడురోజులు పస్తు ఉంచారు. ఆయనకి షుగర్ ఉంది, రెండోరాత్రి షుగర్ పడిపోయి చెమటలు పట్టి మాట తడబడింది. ఆ మూడురోజుల రిపోర్టులూ నా దగ్గరినుంచే వెళ్ళాయి, మూడోరోజు నేనే వార్డుకి వెళ్ళి డాక్టర్‌తో మాట్లాడాను, అప్పుడు గానీ గంజి ఇవ్వలేదు.

రెండింట్లో ఏది మంచిది అని మీలాగే చాలామంది అడుగుతారు. అమైలేజ్ పాతది, జర్మనీలో వోల్గెముత్ 1908లోనే మూత్రంలో దాన్ని కొలిచే పద్ధతి రాసాడు, 1929లో ఎల్మన్ రక్తంలో కొలిచి పాంక్రియాటైటిస్‌కి వాడాడు, లైపేజ్‌కి చెర్రీ, క్రాండాల్ 1932లో పద్ధతి ఇచ్చారు. అంటే వందేళ్ళుగా ఇవే రెండు మీద బండి నడుస్తోంది. అమైలేజ్ లాలాజల గ్రంథుల నుంచి కూడా వస్తుంది, గవదబిళ్ళలు వచ్చినా పెరుగుతుంది, త్వరగా ఎక్కి మూడు నుంచి అయిదు రోజుల్లో దిగిపోతుంది. లైపేజ్ పాంక్రియాస్‌కి ఎక్కువ దగ్గర, కానీ ఒకసారి ఎక్కితే వారం రెండు వారాలు కూడా ఉంటుంది. కాబట్టి ఈఆర్‌సీపీ అయిన రోజు ఏది చేసినా ఒకటే, నాలుగోరోజు నొప్పితో వచ్చినవాళ్ళకి మాత్రం లైపేజ్ చూడాలి, అమైలేజ్ అప్పటికే దిగిపోయి ఉండొచ్చు. రెండూ కలిపి చేయించినందువల్ల పెద్దగా కొత్త సంగతి ఏమీ తెలియదు, డబ్బులు మాత్రం రెండింటికీ అవుతాయి.

పాంక్రియాస్‌తో సంబంధం లేకుండా పెరిగే సందర్భాలు కొన్ని ఉన్నాయి, ఇవి గుర్తుపెట్టుకోండి. కిడ్నీలు సరిగా పనిచేయని వాళ్ళలో ఈ ఎంజైములు బయటికి పోక రెండు మూడు రెట్లు మామూలుగానే ఉంటాయి, అందుకే డయాలసిస్ పేషెంట్లకి ప్రొసీజర్ ముందురోజు ఒక శాంపిల్ తీసి పెట్టుకుంటే పోల్చుకోవడానికి పనికొస్తుంది. షుగర్‌కి వాడే సిటాగ్లిప్టిన్, లిరాగ్లుటైడ్, సెమాగ్లుటైడ్ లాంటి మందులు లైపేజ్‌ని కొంచెం పెంచుతాయి, మీ అమ్మగారు షుగర్ మందులు ఏం వాడుతున్నారో మీరు రాయలేదు, డాక్టర్‌కి చెప్పండి. అన్నిటికంటే భయపడాల్సింది పేగుకి చిల్లు పడటం, ఈఆర్‌సీపీలో అరుదుగా అవుతుంది, అప్పుడు కూడా నొప్పీ ఉంటుంది అమైలేజూ పెరుగుతుంది, రిపోర్టు చూసి పాంక్రియాటైటిస్‌లే అని సెలైన్ పెట్టి ఊరుకుంటే ప్రమాదం. నొప్పి మరీ తీవ్రంగా ఉండి పొట్ట చెక్కలా గట్టిపడినా, మెడ దగ్గర చర్మం కింద గాలి చేరినట్టు నొక్కితే కరకరమన్నా, జ్వరం వచ్చినా వెంటనే సీటీ తీయాలి, ఎంజైము నంబర్ ఎంత ఉన్నా సరే.

తిరగేసి, జబ్బు ఉండి కూడా నంబర్ పెరగని వాళ్ళు ఉంటారు. ట్రైగ్లిజరైడ్స్ బాగా ఎక్కువ ఉన్నవాళ్ళలో, సీరం పాలలా తెల్లగా కనిపిస్తుంది చూడండి, అమైలేజ్ తప్పుగా నార్మల్ రావచ్చు. చాలా ఏళ్ళుగా క్రానిక్ పాంక్రియాటైటిస్‌తో బాధపడేవాళ్ళు మన దక్షిణాదిలో ఎక్కువే, మద్యం ముట్టని కుర్రవాళ్ళలో కూడా పాంక్రియాస్‌లో రాళ్ళు కట్టి గ్రంథి ఎండిపోతుంది. అలాంటి ఎండిన గ్రంథిలో కారడానికి ఎంజైమే మిగలదు, వాళ్ళ నొప్పిని నంబర్ చూసి కొట్టిపారేయకూడదు.

మా ల్యాబు వైపు నుంచి జరిగే పొరపాట్లు కూడా ఉన్నాయండి, ఇవి బయటివాళ్ళకి ఎవరూ చెప్పరు. సీబీసీ (రక్తకణాల లెక్క) కోసం తీసే ఊదా మూత ట్యూబులో గడ్డకట్టకుండా ఈడీటీఏ ఉంటుంది, అది క్యాల్షియంని పట్టేసుకుంటుంది, అమైలేజ్ పని చేయాలంటే క్యాల్షియం కావాలి, కాబట్టి ఆ ట్యూబులోని రక్తంతో అమైలేజ్ చేస్తే తప్పుగా తక్కువ వస్తుంది. ఎర్ర మూత లేదా పసుపు మూత ట్యూబులో తీయాలి. లైపేజ్‌తో ఇంకో తంటా, ట్రైగ్లిజరైడ్స్ పరీక్ష రియేజెంట్‌లోనే లైపేజ్ కలిపి ఉంటుంది, మెషీన్‌లో ఆ పరీక్ష అయిన వెంటనే లైపేజ్ నడిపితే సూది సరిగా కడగకపోతే అంటుకున్న రియేజెంటే లైపేజ్‌ని పెంచి చూపిస్తుంది. మేము మెషీన్‌లో ఆ రెండూ వెంటవెంటనే నడవకుండా మధ్యలో కడిగే ప్రోగ్రామ్ పెడతాం. పేషెంట్‌కి ఏమీ లేదు, లైపేజ్ ఒక్కటే ఎక్కువ వచ్చింది అంటే అదే శాంపిల్‌ని ఇంకోసారి నడపమని ల్యాబుని అడగడంలో తప్పేం లేదు, మంచి ల్యాబు విసుక్కోదు.

నిజంగా పాంక్రియాటైటిస్ వచ్చినవాళ్ళ విషయం కూడా రెండు ముక్కలు చెప్తాను, వేరేవాళ్ళు ఇది చదివితే పనికొస్తుందని. ఒకసారి తేలిపోయాక రోజూ అమైలేజ్ లైపేజ్ చేయించాల్సిన పని లేదు. నంబర్ ఎంత ఉంటే జబ్బు అంత తీవ్రం అనేది లేదు, 3,000 ఉన్నవాళ్ళు మూడోరోజు నడిచి వెళ్ళిపోతారు, 500 ఉన్నవాళ్ళు ఐసీయూకి వెళ్తారు. చూడాల్సినవి నాడి, ఊపిరి, జ్వరం, మూత్రం ఎంత వస్తోంది, రక్తం చిక్కబడుతోందా అని హెమటోక్రిట్, యూరియా, క్రియాటినిన్, రెండోరోజు చివరికి ఒంట్లో వాపుని చూపించే సీఆర్‌పీ 150 దాటిందా అని. సెలైన్ కూడా ఒకప్పుడు ధారగా ఎక్కించేవాళ్ళు, 2022లో వచ్చిన వాటర్‌ఫాల్ అనే ట్రయల్‌లో అలా ఎక్కువ ఎక్కిస్తే ఒంట్లో నీరు చేరిపోవడం తప్ప లాభం కనపడలేదు, మితంగా ఎక్కించడమే మేలని తేలింది. నొప్పి తగ్గి ఆకలి వేస్తుంటే త్వరగా తిండి మొదలుపెట్టడం కూడా అలాగే, నంబర్ నార్మల్ అయ్యేదాకా పస్తు ఉంచక్కర్లేదు.

ఇంకా ఈఆర్‌సీపీ చేయించుకోవాల్సిన వాళ్ళు ఎవరైనా ఉంటే ముందే అడగాల్సింది ఒకటుంది. ప్రొసీజర్‌కి ముందు మలద్వారంలో పెట్టే ఇండోమెథాసిన్ లేదా డైక్లోఫెనాక్ 100 మిల్లీగ్రాముల మాత్ర. 2012లో అమెరికాలో 602 మంది మీద చేసిన ట్రయల్‌లో, ఎక్కువగా రిస్కు ఉన్నవాళ్ళే అందులో, ఇండోమెథాసిన్ పెట్టిన గుంపులో పాంక్రియాటైటిస్ 16.9 శాతం నుంచి 9.2 శాతానికి దిగింది. అంత చవకైన మందు అంత మేలు చేయడం వైద్యంలో అరుదు. ఆస్పిరిన్ లాంటివి పడనివాళ్ళకి, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి, నెలలు నిండుతున్న గర్భిణులకి పెట్టరు, అందుకే అడగమంటున్నాను, మీరే పెట్టేసుకోమని కాదు. వయసులో ఉన్న ఆడవాళ్ళు, బిలిరుబిన్ నార్మల్‌గా ఉన్నవాళ్ళు, ముందు ఒకసారి పాంక్రియాటైటిస్ వచ్చినవాళ్ళు, లోపలికి దారి దొరకడానికి కష్టమైనవాళ్ళు, వీళ్ళకి రిస్కు ఎక్కువ, వీళ్ళలో కొందరికి పాంక్రియాస్ నాళంలో కూడా సన్నటి స్టెంట్ పెడతారు. రాయి ఉందో లేదో చూడటానికే అయితే ఎమ్మార్సీపీ అనే ఎమ్మారై స్కాన్ ఉంది, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ ఉంది, చూడటం కోసం ఈఆర్‌సీపీ చేయించుకోకండి. 1974లో గొట్టంతో కోత పెట్టి రాయి తీయడం మొదలైనప్పటి నుంచి ఇది పొట్ట కోయకుండా లక్షల మందిని కాపాడిన పని, హైదరాబాద్‌లో డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి గారి లాంటివాళ్ళ వల్ల మన తెలుగువాళ్ళకి ఇది దగ్గరకొచ్చింది, కానీ తీయడానికి రాయి ఉన్నప్పుడే.

మళ్ళీ మీ అమ్మగారి దగ్గరికి వస్తాను. పొట్ట కొంచెం ఉబ్బరంగా ఉందని రాసారు, తింటున్నారు, తిరుగుతున్నారు, ఎంజైములు రెండూ దిగుతున్నాయి. రేపు మళ్ళీ రక్తం తీయించకండి, లైపేజ్ నార్మల్ అవ్వడానికి ఇంకో వారం పట్టినా ఆశ్చర్యం లేదు, ఆ వారమంతా మీరు నిద్రపోకుండా ఉంటారు అంతే. రెండు రిపోర్టులూ వాట్సాప్‌లో హైదరాబాద్ డాక్టర్ గారికి పంపి, లైపేజ్ రేంజ్ వేరు అనే సంగతి కూడా రాయండి, చూసిన మనిషి మాట నా మాట కంటే పెద్దది. పైకడుపు నొప్పి కొత్తగా పట్టుకుని వీపులోకి వెళ్తున్నా, వాంతులు ఆగకపోయినా, చలి వణుకుతో జ్వరం వచ్చినా, మలం తారులా నల్లగా జిగురుగా వచ్చినా, కళ్ళు మళ్ళీ పచ్చబడినా ఆగకండి, వెంటనే దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఈఆర్‌సీపీ అయ్యిందని గుమ్మంలోనే చెప్పండి. చలి జ్వరం, నల్ల మలం, పచ్చ కళ్ళు మామూలుగా పాంక్రియాస్ వల్ల వచ్చేవి కావు, ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం, స్టెంట్ మూసుకుపోవడం వల్ల వచ్చేవి, వాటిని అమైలేజ్ లైపేజ్ పట్టుకోలేవు.

ఇంకా ఇప్పుడే లేచి డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూడండి, స్టెంట్ ఎప్పుడు తీయాలో రాసి ఉందా అని. ప్లాస్టిక్ స్టెంట్ మామూలుగా మూడు నెలల లోపు తీయాలి లేదా మార్చాలి, బాగుంది కదా అని మర్చిపోయి ఏడాది తర్వాత మూసుకుపోయి చీముతో, జ్వరంతో వచ్చినవాళ్ళ శాంపిళ్ళు నేను ప్రతి నెలా చూస్తున్నాను. డేట్ రాసి లేకపోతే రేపు ఫోన్ చేసి అడిగి క్యాలెండర్ మీద రాసుకోండి, గాల్ బ్లాడర్‌లో ఇంకా రాళ్ళు ఉంటే దాని ఆపరేషన్ ఎప్పుడో కూడా అదే ఫోన్లో అడగండి, అది రెండు వారాల్లోపు చేయించుకోవడం మంచిదని చెప్తారు.